కొట్టేసిన తోటకూర

ఎల్లవ్వ ఆహార పట్టికలో తోటకూర, పాలకూర అన్న రెండు మాటల మీద హిమజ ఎర్ర గీత గీసింది. జిల్లా ఆస్పత్రిలో పోషకాహార నిపుణురాలిగా చేరి ఆమెకు మూడు నెలలు.

బీపీతో వచ్చిన ఎల్లవ్వ ఆ సాయంత్రమే ఇంటికి పోతోంది. ఒంటరి మనిషి. పండ్లు, పాలు కొనే స్తోమత లేదు. పెరట్లో నాలుగు మళ్ల ఆకుకూర ఉంది. అది కొట్టేస్తే కంచంలో మిగిలేది ఉత్త అన్నమే.

“కూర లేకుంట బుక్క ఎట్ల దిగుతది బిడ్డా?” అని అడిగింది ఎల్లవ్వ.

“తప్పదు అవ్వా” అంది హిమజ.

పట్టిక సంతకం కోసం పై అధికారి వరూధినమ్మ బల్ల మీదికి వచ్చింది. ముప్పై ఏళ్లుగా వంటశాల గుత్తేదార్లతో కొట్లాడి రోగుల ముద్ద నిలబెట్టిన మనిషి. హిమజకు పని నేర్పుతున్నదీ ఆమే.

“కిడ్నీ జబ్బుంటే ఆకుకూర వద్దంటాం, ఈమె కిడ్నీలు బాగున్నాయిగా. ఈ గీత ఎందుకు?”

“నైట్రేట్, మేడం. బోరునీళ్లలో ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదమని చదివాను. ఆకుకూరల్లో అంతకంటే ఎక్కువుంది. ఆ పేపర్లో నాకు తొంభై రెండు మార్కులు.”

“ఎల్లవ్వ నీకు పసిపిల్లలా కనబడిందా?”

వరూధినమ్మ ముఖం ఎర్రబడింది. సంతకం పెట్టకుండా తన టిఫిన్ డబ్బా మూత తీసింది. తోటకూర పప్పు.

“తిను.”

“మేడం...”

“అవ్వకు వద్దన్నావు గానీ నీకెవరూ వద్దనలేదుగా. తిను.”

హిమజ తిన్నది. గంట గడిచాక వరూధినమ్మ ల్యాబ్ నుంచి మూత్రపరీక్ష పట్టీలు రెండు తెచ్చింది. నైట్రేట్ మారి నైట్రైట్ అయితే దాన్ని పట్టే తెల్ల గడి ఒకటి వాటి మీద ఉంటుంది. ఒక పట్టీని మంచినీళ్లలో ముంచింది. గడి తెల్లగానే ఉంది. రెండోది హిమజ చేతికిచ్చింది.

“ఉమ్ము.”

“దీని మీదా?”

“దాని మీదే.”

కాసేపటికి గడి గులాబీ రంగుకు తిరిగింది. హిమజ పట్టీని వెలుతురులోకి పట్టి చూసింది.

“ఇది నా నోట్లోకి ఎలా వచ్చింది మేడం?”

“ఆకులోని నైట్రేట్ నెత్తుట్లో కలిసి ఉమ్ములోకి వస్తుంది. నాలుక మీది క్రిములు దాన్ని మారుస్తాయి. రక్తనాళాలను వదులు చేసి బీపీ తగ్గించేది దాని నుంచే తయారవుతుంది.”

ఎర్ర పెన్ను హిమజ వైపు తోసింది.

“ఇప్పుడు నీ నోరు కూడా కొట్టేద్దామా?”

హిమజ కొత్త కాగితం తీసుకుని వార్డులోకి వెళ్లింది. ఎల్లవ్వ మూట కట్టుకుంటోంది.

“ఇంకేం బంద్ చేస్తవ్ బిడ్డా?”

హిమజ మంచం అంచున కూర్చుంది.

“నువ్వు తోటకూర ఎట్ల వండుతవ్ అవ్వా?”