అన్నం గిన్నె మోసిన ఆకు

అనగనగా ఒక చలికొండ మీద ఒక ఊరు, ఆ ఊళ్ళో దొరగారి తోట, ఆ తోటకి పైడయ్య మాలి. కాళ్ళాడించకుండా పడుకుంటేనే కథ, ముందే చెప్తున్నా.

దొరగారు ఎక్కణ్నుంచో ఒక తామర మొక్క తెప్పించారు. ఆకు ఒక్కోటీ బండి చక్రమంత. ఇది పూసిందా సరే, చచ్చిందా, నువ్వు తోట వదిలి పోవాలి అన్నారు పైడయ్యతో. అదేమో వేడిదేశపు మొక్క, ఇక్కడేమో చలి. ఆయనకేం, చెప్పేసి వెళ్ళిపోయారు.

అప్పుడు పైడయ్య తామరతొట్టి చుట్టూ గాజు ఇల్లు మొదలెట్టాడు. గాజైతే ఎండ లోపలికొస్తుంది, చలి రాదు. కప్పుకి లావు దూలాలు వేశాడు. వాటి నీడకి ఆకులు పండిపోయాయి. ఆ తర్వాత సన్న కర్రలు వేశాడు. అద్దాల బరువుకి కప్పు కూలింది. ఇక అక్కడే కూలబడ్డాడు. ఇంటికి రాడు, అన్నం తినడు.

పెళ్ళాం నూకాలుకి ఒళ్ళు మండింది. మొదటిరోజు అన్నం గిన్నె తెచ్చి తోట గట్టుమీద పెడితే కాకులు తిన్నాయి. రెండోరోజు గాజు ఇంటి గుమ్మంలో పెడితే కుక్క తింది. ఈయన చూడనేలేదు. మూడోరోజు లోపలికే తెస్తే, నేలంతా గాజుపెంకులూ బురదా. విసుగొచ్చి ఆ కంచు గిన్నెని తామరాకు మీదే పెట్టేసింది.

"తింతావా, మానేత్తావా? రేపట్నించి నాను తేను."

పైడయ్య అప్పుడు చూశాడు. పెళ్ళాన్ని కాదే, ఆకుని. గిన్నె మునగలేదు. ఆకు అంచు ఎత్తి చూస్తే, అడుగున లావు ఈనెలు, మధ్యలో సన్న ఈనెలు, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

ఆ తర్వాత కమ్మరి చేత అచ్చం అలాగే ఇనప ఈనెలు చేయించి, మధ్యలో అద్దాలు బిగించాడు. కప్పు నిలిచింది. ఎండ దిగింది. నెల తిరిగేసరికి పువ్వు పూసింది.

దొరగారు మురిసిపోయి, ఏం కావాలో కోరుకో అన్నారు.

"దాన్నే అడగండి బాబూ, ఆ గిన్నెట్టింది అదే" అని పైడయ్య పెళ్ళాన్ని చూపించాడు.

"నాకేటీ వొద్దు బాబూ. ఈయన్ని యేళకి కూటికి పంపండి, సాలు" అంది నూకాలు.

మధ్యాహ్నం గంట కొట్టగానే పైడయ్య ఇంటికి పోవాలని దొరగారు హుకుం వేశారు. మర్నాడు గంట కొట్టారు. అన్నం చల్లారిపోయింది, మనిషి రాలేదు. నూకాలు వెళ్ళి చూస్తే, ఈయన అరటాకు ఎత్తి ఈనెలు చూస్తున్నాడు.

ఏమనాలే ఆ మనిషిని? నూకాలు గిన్నె తెచ్చుకుని తామరతొట్టి గట్టున కూచుని, ఆకలేసి తను తినడం మొదలెట్టింది. సగం ఉంచింది. అప్పుడు పైడయ్య చెయ్యి కడుక్కొచ్చి పక్కన కూచున్నాడు.

నువ్వూ అంతే, పిలిస్తే ఒక్కసారికి రావు.

కథేమో కంచికెళ్ళింది,
గిన్నేమో ఇంటికొచ్చింది,
మా బంగారానికి నిద్దరొచ్చింది.