రాకుమారి పేరులో రెండో అక్షరం

అనగా అనగా, మెట్టపొలాలకూ ఏటిలంకలకూ నడుమ పొన్నగిరి అనే చిన్న రాజ్యం ఉండేదట. దానికి రాజు మహీధరుడు. రాజ్యం చిన్నదే కానీ రాజు మనసు పెద్దది. ఆయన ఎవరినీ నొప్పించడు. ఎవరికీ కాదని చెప్పలేడు. అదే ఆయన మంచితనం, అదే ఆయన బలహీనత కూడా.

ఆయన రాణి హేమలేఖ ఏటిసీమ ఆడపడుచు. పెళ్లయి చాలా ఏళ్లు గడిచినా వాళ్లకు సంతానం కలగలేదు. ఆఖరికి ఒక శ్రావణమాసంలో, వాన వెలిసిన వేళ, అంతఃపురంలో ఆడపిల్ల కేరుమంది. రాజ్యమంతా బెల్లం పంచుకుంది.

రాజమాత కనకాంబ మనవరాలిని ఒళ్లోకి తీసుకుని మురిసిపోయింది. "తామరలు పూసిన కొలనులా ఉంది నా బంగారం. నళిని అని పిలుచుకుందాం" అంది.

పురిటికని ఏటిసీమ నుంచి వచ్చిన రాణి తల్లి వసుమతీదేవి సంతోషంతో చేతులు జోడించింది. "వదినగారూ, నా నోట్లో మాట మీరే అనేశారు! నేనూ నలిని అనే అనుకున్నాను."

నానమ్మా అమ్మమ్మా ఒకే పేరు కోరుకోవడం ఎక్కడైనా ఉందా? అంతఃపురంలో అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఒకరు 'ళి' అన్నారనీ మరొకరు 'లి' అన్నారనీ ఆ సంబరంలో ఎవరూ గమనించలేదు.

బారసాల రోజు వచ్చింది. హేమలేఖ బిడ్డను ఒళ్లో పెట్టుకుని పీట మీద కూర్చుంది. కంచుపళ్లెంలో బియ్యం పోశారు. మహీధరుడు బంగారు ఉంగరం పట్టుకుని, ఆ బియ్యంలో 'న' అని రాశాడు.

"ఇప్పుడు ళి రాయి నాయనా" అంది కనకాంబ.

"లి కదూ, అల్లుడుగారూ?" అంది వసుమతీదేవి.

రాజు చెయ్యి ఆగిపోయింది.

"మా మెట్టసీమలో తాతముత్తాతల నుంచీ నళిని అనే రాస్తాం. లి అంటే నాలుక తిరగనివాళ్లు పలికినట్టు ఉంటుంది" అంది కనకాంబ.

వసుమతీదేవి ముఖం ఎర్రబడింది. "మా ఏటిసీమలో నాలుకలు బాగానే తిరుగుతాయి వదినగారూ. మెత్తని పేరుకు మెత్తని అక్షరమే అందం. ళి అంటే బండరాయి దొర్లించినట్టు ఉంటుంది."

హేమలేఖ ఇద్దరి వైపూ చూసింది. ఒకరు తనను కన్నతల్లి. మరొకరు, పురుడయ్యాక తనకు జ్వరం వస్తే కంటిమీద కునుకు లేకుండా మంచం పక్కనే కూర్చున్న అత్తగారు. ఎవరి పక్షాన మాట్లాడగలదు? తల వంచుకుని బిడ్డ పాదాలు నిమురుతూ ఉండిపోయింది.

మహీధరుడు తల్లిని చూశాడు. అత్తగారిని చూశాడు. ఉంగరం కింద పెట్టేశాడు.

ఆ సాయంత్రం ఊళ్లో దండోరా వేశారు. "అహో! రాకుమారి పేరులో అక్షరం తేలేదాకా ఎవ్వరూ ఆమెను పేరు పెట్టి పిలవరాదు! అందరూ పాప అనే పిలవాలి! ఇది రాజాజ్ఞ!"

మొదట రాజు ఆస్థాన పండితుడు భవదత్తశర్మను పిలిపించాడు. ఆయన చాలాసేపు ఆలోచించి చెప్పాడు.

"మహారాజా, సంస్కృతంలో నలిని అంటారు. మన నోట అది నళిని కూడా అయింది. రెండూ పెద్దలు వాడినవే. రెండూ ఒప్పే."

అంతకంటే నిజమైన మాట లేదు. కానీ నిజం ఇద్దరికీ రుచించలేదు. "నాది ఒప్పని చెప్పారు, బాగుంది. ఆవిడది కూడా ఒప్పేమిటి?" అని ఇద్దరూ విడివిడిగా శర్మగారి మీద అలిగారు.

కొన్నాళ్లకు రాజుకు మరో ఆలోచన తట్టింది. బిడ్డ పాకుతోంది. పేరు బిడ్డదే కాబట్టి బిడ్డనే ఎంచుకోమందాం అనుకున్నాడు. తివాచీ మీద రెండు వెండిపలకలు పెట్టించాడు. ఒకదాని మీద 'లి', మరొకదాని మీద 'ళి'. అటు అమ్మమ్మ, ఇటు నానమ్మ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

పాప చకచకా పాకింది. లి దగ్గర ఆగింది. వసుమతీదేవి ముఖం వికసించింది. పాప దాన్ని ఒకసారి నాకి వదిలేసింది. ళి దగ్గరికి వెళ్లింది. కనకాంబ కళ్లు మెరిశాయి. పాప దాన్నీ నాకి వదిలేసింది. తరవాత రెండింటినీ దాటుకుని పోయి, పడుకున్న పిల్లి తోక పట్టుకుని గట్టిగా లాగింది.

అందరూ నవ్వారు. ఆ ఇద్దరు మాత్రం నవ్వలేదు.

తగువు కోట గోడలు దాటి బజారున పడింది. ఏటిసీమ నుంచి వచ్చి పొన్నగిరిలో స్థిరపడినవాళ్లు లి పక్షం. మెట్టసీమవాళ్లు ళి పక్షం. వాళ్ల జొన్నలు వీళ్లు కొనరు. వీళ్ల చేపలు వాళ్లు ముట్టరు. ఒకే వీధిలో ఇరుగుపొరుగువాళ్లు పలకరించుకోవడం మానేశారు.

ఈ రోజుల్లో హేమలేఖ మనసు ఎలా ఉండేదో ఎవరూ అడగలేదు. పొద్దున్నే బిడ్డకు పాలిస్తూ, గదిలో ఎవరూ లేని సమయం చూసి, బిడ్డ చెవిలో ఆ పేరు పిలిచేది. మెల్లగా, ఊపిరితో పిలిచినట్టు. పాప పాలు తాగడం ఆపి తల్లి ముఖంలోకి చూసి నవ్వేది. హేమలేఖకు ప్రాణం లేచివచ్చేది. వెంటనే భయమూ వేసేది. రాజు భార్యే రాజాజ్ఞ మీరితే ఎలా? రేపటి నుంచి పిలవను అనుకునేది. తెల్లారేసరికి మళ్లీ పిలిచేది. కన్నబిడ్డను పేరు పెట్టి పిలవకుండా ఏ తల్లి ఉండగలదు?

అలా ఏడాది తిరిగింది. పాపకు నడక వచ్చింది.

ఇక రాజు మూడో ఉపాయం పన్నాడు. కోట వెనక మైదానంలో ప్రజలందర్నీ పిలిచాడు. నడుమ వేదిక వేయించి, దాని ముందు రెండు పెద్ద గంగాళాలు పెట్టించాడు. లి కావాలన్నవాళ్లు తెల్లతామర రేకు ఒక గంగాళంలో వెయ్యాలి. ళి కావాలన్నవాళ్లు ఎర్రతామర రేకు రెండో గంగాళంలో వెయ్యాలి. ఏవి ఎక్కువైతే అదే పేరు.

జనం బండ్లు కట్టుకుని, పిల్లాజెల్లాతో తరలివచ్చారు. కాసేపు అంతా బాగానే జరిగింది. ఇంతలో ఎవడో అరిచాడు. "ఆ తలపాగా ఆయన గుప్పెడు రేకులు వేశాడు! నేను చూశాను!"

"నువ్వే వేశావు!" అని ఇంకొకడు అరిచాడు.

ఒకడు తోశాడు. ఇంకొకడు తిరిగి తోశాడు. గంగాళాలు బోర్లాపడ్డాయి. తెలుపూ ఎరుపూ కలిసిపోయి రేకులన్నీ గాలికి లేచాయి. ఆ తోపులాటలో, పాపను ఎత్తుకున్న దాది కిందపడింది. లేచి చూసేసరికి పక్కన పాప లేదు.

"పాప! పాప కనిపించడం లేదు!" దాది గుండెలు బాదుకుంది.

రాజు వేదిక దిగి పరుగెత్తాడు. భటులు పరుగెత్తారు. "పాపా! పాపా!" అని మైదానమంతా అరుపులు. కానీ ఆ మైదానంలో ఎంతమంది పాపలు! ప్రతి తల్లీ తన బిడ్డను పాపా అనే పిలుస్తోంది. ఎవరు ఎవరిని పిలుస్తున్నారో తెలియడం లేదు. ఇటు ఒక బిడ్డ "ఊఁ" అంటుంది. అటు ఒక బిడ్డ ఏడుస్తుంది. ఒక భటుడు ఎవరి పిల్లనో ఎత్తుకొచ్చి, ఆ తల్లి చేత చీవాట్లు తిన్నాడు.

హేమలేఖ వేదిక ఎక్కి నాలుగువైపులా చూసింది.

మైదానం చివర, బండ్లకు అవతల, ఒక పాత దిగుడుబావి ఉంది. దానికి గట్టు లేదు. వానలకు నీళ్లు పైమెట్టు దాకా వచ్చాయి. గాలికి ఎగిరిన రేకులు ఆ నీళ్లలో పడి తేలుతున్నాయి. పసుపుపచ్చ పరికిణీ కట్టుకున్న ఒక చిన్న బొమ్మ, తప్పటడుగులు వేస్తూ, ఆ రేకుల కోసం చెయ్యి చాచి నడుస్తోంది.

"పాపా! ఆగవే పాపా!" అంటూ హేమలేఖ వేదిక మీది నుంచి దూకి పరుగు తీసింది.

పాప ఆగలేదు. పొద్దుటి నుంచీ ఆ మాట ఆమె చెవుల్లో మోగుతూనే ఉంది. ఈసారి అది తన కోసమేనని ఆమెకు ఎలా తెలుస్తుంది? ఇంకో అడుగు వేసింది.

ఎంత పరుగెత్తినా అందదని హేమలేఖకు తెలిసిపోయింది. అప్పుడు ఆమెకు ఆజ్ఞ గుర్తు రాలేదు. అత్తగారు గుర్తు రాలేదు, అమ్మ గుర్తు రాలేదు. గొంతులో ఉన్న శక్తంతా కూడగట్టుకుని బిడ్డను పేరు పెట్టి పిలిచింది.

పాప టక్కున ఆగింది.

వెనక్కి తిరిగింది. తిరగడంలో తూలి, బావి ఒడ్డున చతికిలబడింది. పాలు తాగుతూ రోజూ వినే పిలుపు అది. ముఖమంతా నవ్వు చేసుకుని, రెండు చేతులూ నేలకు ఆనించి, నీళ్లకు వీపు పెట్టి అమ్మ వైపు గబగబా పాకడం మొదలుపెట్టింది.

హేమలేఖ బిడ్డను ఎత్తి గుండెకు హత్తుకుని అక్కడే కూలబడిపోయింది. అప్పుడు గాని ఆమెకు ఏడుపు రాలేదు. పాప మాత్రం అమ్మ చెవికమ్మను పట్టుకుని ఆడుకుంటోంది.

కనకాంబా వసుమతీదేవీ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఆయాసపడుతూ, పడుతూ లేస్తూ వచ్చారు. ఎవరు ఎవరి చెయ్యి ముందు పట్టుకున్నారో వాళ్లకే తెలియదు. ఇద్దరూ బిడ్డ ఒళ్లంతా తడిమి చూశారు. ఒక్క గీత కూడా పడలేదు. ఇద్దరికీ ఒక్కసారే ఊపిరి వచ్చింది.

రాజు వచ్చి భార్య పక్కనే మట్టిలో కూర్చున్నాడు.

"నన్ను క్షమించండి" అంది హేమలేఖ. "మీ ఆజ్ఞ మీరాను. ఈరోజు ఒక్కసారే కాదు. ఏడాదిగా రోజూ మీరుతున్నాను. దాన్ని పేరుతోనే పిలుచుకుంటున్నాను."

"నువ్వు మీరబట్టే నా బిడ్డ బతికింది" అన్నాడు మహీధరుడు. "తప్పు నాది. ఎవరికి కోపం వస్తుందోనని ఒక్క అక్షరం రాయలేకపోయాను. పండితుల మీద వేశాను, పసిదాని మీద వేశాను, చివరికి ప్రజల మీద వేశాను."

కనకాంబ కళ్లు తుడుచుకుంది. "అమ్మాయీ, ఇందాక ఏమని పిలిచావు? లి అన్నావా, ళి అన్నావా? నేను విన్నాను కానీ తెలుసుకోలేకపోయాను."

"నాకూ తెలియదు అత్తయ్యా. బిడ్డను చూశాను గానీ అక్షరం చూసుకోలేదు."

అప్పుడు కనకాంబ అంది. "వదినగారూ, నాలుక తిరగనివాళ్లని మిమ్మల్ని నోటికొచ్చినట్టు అన్నాను. తప్పయిపోయింది. మీ లి రాయించండి."

"అయ్యో, వద్దు వదినగారూ! నేను మాత్రం తక్కువ అన్నానా? మీ ళి రాయించండి."

"కాదు, మీదే."

"కాదంటే కాదు, మీదే!"

చుట్టూ మూగిన జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మళ్లీ మొదలైంది రా దేవుడా అని ఎవరో మెల్లగా అన్నారు. ఆ మాటకు రాజు కూడా నవ్వేశాడు. "ఇక ఈ సంగతి దాని తల్లి చెబుతుంది. అందరం వింటాం" అన్నాడు.

హేమలేఖ ఈసారి తల వంచుకోలేదు.

"పాప ఈ ఊళ్లో పెరుగుతుంది. ఈ ఊరి పిల్లలతో ఆడుకుంటుంది. వాళ్ల నోటికి వచ్చేది నళిని. కాబట్టి ళి రాద్దాం." తరవాత తల్లి వైపు తిరిగింది. "అమ్మా, ఏటిఒడ్డున నీ ఇంటికి వచ్చినప్పుడు నువ్వు నలిని అనే పిలుచుకో. పలకకపోతే నన్నడుగు."

వసుమతీదేవి పాప బుగ్గ మీద మెల్లగా వేలు ఆనించి, "నలినీ!" అంది.

పాప చెవికమ్మ వదిలేసి, అమ్మమ్మ వేలు పట్టుకుంది.

"పలికింది! నాకింతే చాలు తల్లీ" అంది ఆమె. ఏడాదిగా గుండె మీద మోస్తున్న బరువు దిగిపోయినట్టయింది.

ఆ మధ్యాహ్నం మైదానంలోనే పొయ్యిలు వెలిగించారు. మెట్టసీమవాళ్లు జొన్నరొట్టెలు కాల్చారు. ఏటిసీమవాళ్లు చేపల పులుసు పెట్టారు. తలపాగా ఆయనా, ఆయన్ని దొంగ అన్న మనిషీ ఒకే బండి నీడన కూర్చుని తిన్నారు. ఆ వారంలోనే రాజు దగ్గరుండి దిగుడుబావికి గట్టు కట్టించాడు. మంచిరోజు చూసి, నళిని అని పేరు పెట్టి, బిడ్డ చెవిలో తానే మొదట పిలిచాడు. చాలాకాలానికి ఆ కోటలో అందరూ హాయిగా నిద్రపోయారు.

రెండు దారులూ మంచివే అయినప్పుడు ఏదో ఒకటి ఎంచుకుని ముందుకు సాగడమే వివేకం. పెద్దలు పంతం పట్టి ఆగిపోతే దాని కష్టం పడేది పసివాళ్లే.