జిడ్డు తీయని ముఖం

దానయ్య మాస్టారికి ఒక అలవాటు. శిష్యులు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. చేతిలో పని పక్కన పెట్టి, ఎదురుగా ఉన్న ముఖం వంక చూస్తారు. తెనాలిలో నలభై ఏళ్లు నాటకాలవాళ్లకి రంగు వేసి, ఇప్పుడు చిన్న చిన్న వీడియోలవాళ్లకి మేకప్ చేస్తున్న మనిషి. ఆ రోజు ఆయన శిష్యురాలు హేమలత, ఇంకేం తక్కువైంది మాస్టారూ అని అడిగినప్పుడు ఆయన చూసిన ముఖం నాది.

మా అబ్బాయి నిరంజన్ ఇల్లు విడిచి అప్పటికి పదహారు రోజులు. పోలీసులకి చెప్పాం. చుట్టాలందరికీ ఫోన్లు చేశాం. ఊళ్లో ఒక చిన్న యూట్యూబ్ ఛానల్‌వాళ్లు నా చేత నాలుగు మాటలు చెప్పించి పెడతామన్నారు. ఎక్కడున్నా వాడు ఫోను చూడకుండా ఉండడు. నాకున్నది ఆ ఆశే.

గది ఇరుకు. మైకులో చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేశారు. లైటు మూరెడు దూరంలో ఉంది. రెండు నిమిషాలకే నుదురు, ముక్కు చెమట పట్టేశాయి. జిడ్డంతా పోగొడతాను, కంగారు పడకండి ఆంటీ అని హేమలత పౌడరు అద్దింది. చెమట పట్టినకొద్దీ అద్దింది. తడి మీద పడ్డ పౌడరు ముక్కు పక్కన పెచ్చులు కట్టింది. దాని మీద ఇంకో పూత వేసింది. రాసిచ్చిన మాటలు చెప్పాను. కెమెరా ఆయన బాగా వచ్చిందన్నాడు, అచ్చం సీరియల్లో అమ్మలా ఉన్నారన్నాడు.

మాస్టారు అప్పుడొచ్చి ఆ వీడియో రెండుసార్లు చూశారు. ఇంకేం తక్కువైందని హేమలత అడిగింది అప్పుడే. ఒక్క మెరుపు కూడా లేకుండా తీశాను కదా, అంది.

మాస్టారు శబ్దం తీసేసి వీడియో నా ముందు పెట్టారు. ఎవరమ్మా ఈవిడ, అన్నారు.

నేనేనని తెలుసు. అయినా తెర మీద నాకు నేను కనబడలేదు. ఎవరో పెళ్లికొచ్చి, భోజనాలకి పిలుస్తారని కూర్చున్నావిడ. ఆవిడ కొడుకు ఎక్కడికీ పోలేదు.

వెళ్లేముందు అబ్బాయి ఏమన్నాడని అడిగారు. అది నేను పోలీసులకి కూడా చెప్పలేదు. పరీక్ష పోయిందని తెలిసిన రోజు వాడు గదిలోంచి రాలేదు. అన్నానికి రమ్మని నాలుగుసార్లు తలుపు కొట్టాను.

"జిడ్డులా పట్టుకుంటావేంటమ్మా, ఒక్కసారి వదలవా అన్నాడండీ," అన్నాను. "వదిలాను. తెల్లారేసరికి లేడు."

హేమలత చేతిలోని పౌడరు డబ్బాకి మూత పెట్టేసింది.

మాస్టారు నన్ను ముఖం కడుక్కుని రమ్మన్నారు. నేను వచ్చేసరికి లైటుని నా మీంచి తిప్పి, గోడకి కట్టిన తెల్ల దుప్పటి మీద పడేలా పెట్టించారు. కెమెరా మొదలయ్యేవరకు ఫ్యాను వేయించారు. హేమలతకి పల్చటి కాగితమిచ్చి, రుద్దకుండా నుదుటి మీద, ముక్కు మీద ఒక్కసారి అద్దమన్నారు. ముక్కు మీద చిటికెడు పౌడరు. కళ్ల కింద చెయ్యి వేయనివ్వలేదు.

ఫోన్లు ఆపమన్నాడు కెమెరా ఆయన. నేను ఆపలేనన్నాను. మావాడు సరిగ్గా ఆ రెండు నిమిషాల్లోనే చేస్తే? మాస్టారు నా ఫోను శబ్దం తగ్గించి, అరచేతిలో పెట్టుకుని, నాకు తెర కనబడేలా నిలబడ్డారు.

ఈసారి రాసిచ్చినవేవీ గుర్తు రాలేదు.

"నాన్నా, తలుపు కొట్టనులే," అన్నాను. "అన్నం మూతపెట్టి ఉంచుతా. ఎక్కడున్నావో ఒక్క మాట చెప్పు."

అంతే.

హేమలత వీడియో చూసి గొంతు తగ్గించింది. కళ్ల కింద ఇంకా మెరుస్తోంది మాస్టారూ, చూసిన జనం ఏమనుకుంటారు, అంది.

మాస్టారు ఫోను తెచ్చి నా చేతిలో పెట్టారు. ఫోను వచ్చినట్టు దాని మీద ఎవరి పేరూ లేదు.

"జనానికి ఆ ముఖం కొత్తేనమ్మా," అన్నారు. "చూడాల్సినవాడికి కాదు."