గజకేసరి కట్టలన్నీ తన పేర రాయించుకున్న వైనం

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. నిన్న కంప్యూటరు నల్లతెర మీద ఒకే ఒక్క ఆదేశం కొట్టి మీ ఫైళ్ళన్నిటి అనుమతులూ తీసేశారు. తర్వాత దేన్ని తెరవబోయినా "అనుమతి లేదు" అంటోందని దాన్నే తిట్టారు. అప్పుడు నాకీ కథ గుర్తొచ్చింది. గుర్తున్న వరసలోనే చెబుతాను.

ఒకానొక రాజ్యంలో గజకేసరి అనే రాజుండేవాడు. "మా" అనే మాట లేకుండా ఆయనకు వాక్యం నడిచేది కాదు. "మా సూర్యుడు ఉదయించాడా?" అని అడిగి, అవునన్నాకే పక్క మీంచి లేచేవాడు.

ఆ కోటలో తాటాకు కట్టలు దాచే గది ఒకటుంది. దానికి అధికారిణి మల్లసాని. ప్రతి కట్టకూ ఆమె మూడు చీటీలు వేలాడదీసేది. మొదటిది ఆ కట్ట ఎవరిదో వారికి, రెండోది వారి జట్టుకు, మూడోది మిగతా జనానికి. చీటీ మీద కన్ను బొమ్మ ఉంటే చదవొచ్చు, గంటం బొమ్మ ఉంటే రాయొచ్చు, పాదం బొమ్మ ఉంటే అందులో ఉన్నదాన్ని అమలు చేయొచ్చు. రాజాజ్ఞలకూ అక్కడే ఒక కట్ట. అందులోని ఆకు చదివి వినిపించనిదే ఎవరికీ శిక్ష పడకూడదని ఆ రాజ్యంలో ఆచారం.

ఒకనాడు రాజు ఆ గదిలోకి వచ్చాడు. వంటల కట్ట మీద యజమానిగా వంటవాడి పేరు చూసి ఆయన ముఖం కందగడ్డలా అయింది. "మా కోటలో మరొకడు యజమానా? ఈ గదిలో ఉన్న ప్రతి కట్టా మా పేర మార్చు. కన్నూ గంటమూ పాదమూ మాకే ఉండాలి. మిగతావాళ్ళవి గీకెయ్. మీరినవాడికి దేశబహిష్కారం" అన్నాడు.

"ప్రతి కట్టకా, ప్రభూ?" అని అడిగింది మల్లసాని.

"ఎన్నిసార్లు చెప్పాలి? ప్రతి కట్టకీ."

ఆమె ముందు ఆ ఆజ్ఞను ఆకు మీద రాసి ఆజ్ఞల కట్టలో చేర్చింది. తర్వాత చాకు తీసుకుని, మొదటి కట్ట నుంచి చివరి కట్ట దాకా చీటీలన్నీ గీకి, రాజు పేర రాసింది.

మర్నాటి నుంచి కోట స్తంభించింది. వంటల కట్ట చదివే అనుమతి లేక వంటవాడు పొయ్యి ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నాలుగు వందల కట్టలు ముందేసుకుని రాజు ఒక్కడే చదవసాగాడు. మూడు రోజులకు ఏనుగుల మేత కట్ట దగ్గరికి వచ్చాడు.

కాలువ తూము చూసే వీరప్ప ఆ మూడు రోజులూ ద్వారం దగ్గరే నిలబడ్డాడు. ఏడూళ్ళ నారుమళ్ళు ఎండుతున్నాయి, నీళ్ళ వంతుల కట్ట చూడనివ్వమని వేడుకున్నాడు. మేత అయ్యాక చూస్తామని రాజు కబురంపాడు. వంతు ఏ ఊరిదో వీరప్పకు కంఠతా వచ్చు. నాలుగో రోజు అనుమతి లేకుండానే వెళ్ళి తూము ఎత్తేశాడు. నారు బతికింది. వీరప్పను మాత్రం సభకు పట్టుకొచ్చారు.

అతని భార్య మల్లసాని దగ్గరికొచ్చి, "మేం ఏ దేశం పోవాలమ్మా?" అంది. చీటీలు గీకింది తన చేయే కదా అనుకుంది మల్లసాని. "ఎక్కడికీ పోరు, ఊరుకో" అని ఆమె కూడా సభకు బయల్దేరింది.

సభలో రాజు బహిష్కారం విధించమన్నాడు. దండనాయకుడు ఆజ్ఞల కట్ట అందుకోబోయాడు.

"ఆగండి దండనాయకా, చీటీ చూడండి. మీకు కన్ను లేదు" అంది మల్లసాని.

దండనాయకుడు కట్ట వదిలేసి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. రాజు గర్జించాడు. "మా కట్ట మేమే చదువుతాం."

"నిస్సందేహంగా, ప్రభూ. అమలు కూడా తమరే చేయాలి. పాదం తమకొక్కరికే ఉంది. వీరప్పను సరిహద్దు దాకా తమరే నడిపించుకు వెళ్ళాలి. పన్నెండు ఆమడలు."

"పల్లకీలో వెళ్తాం."

"బోయీల కట్ట కూడా తమ పేరనే ఉంది. కావాలంటే పల్లకీ తమరే మోసుకోవచ్చు."

సభలో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. రాజు తన పాదాల వంక చూసుకున్నాడు. నాలుగు రోజులుగా సరైన తిండి లేని కడుపు గుర్రుమంది. అది విని ముందుగా ఆయనే నవ్వాడు. వీరప్పను వదిలేయమని, కట్టలన్నిటి మీదా అందరికీ మూడు బొమ్మలూ గీసేయమని చెప్పాడు.

"అప్పుడు వంటవాడు పొరుగు రాజు మీద యుద్ధం ప్రకటించగలడు, ప్రభూ. ఎవరికెంత పనో అంత చాలు" అంది మల్లసాని.

రాజు తన చేతి కంకణం తీసి ఆమెకిచ్చాడు. ఆ సాయంత్రమే గదిలోకొచ్చి, వంటల కట్ట మీద వంటవాడి పేరు తన చేత్తోనే తిరిగి రాశాడు. జనం చీటీ మీద కన్నొకటి గీసి, "మాకిది చాలు, ఈ పూట ఏం కూరో తెలిస్తే చాలు" అన్నాడు.

పిల్లలూ, రేపు మీ చేతికి కూడా అన్నిటినీ ఒకేసారి మార్చే అధికారం వస్తుంది. అప్పుడు "ప్రతి కట్టకా?" అని మల్లసాని అడిగిన ప్రశ్న ఒకసారి మీరే వేసుకోండి. ఈ కథ వినని వాళ్ళు ఎవరైనా ఎదురైతే, మర్చిపోకుండా వాళ్ళకూ చెప్పండి.