బొగ్గు దాక్కున్న గంప

అనగనగా ఏటిగట్టున ఒక కుమ్మరివాళ్ళ ఇల్లు. ఆ ఇంట్లో పైడమ్మ, ఆమె పెనిమిటి అప్పలస్వామి. వాళ్ళకి పిల్లాజెల్లా లేరు. ఉన్నదల్లా ఒక నల్లటి కుక్కపిల్ల. దాని పేరు బొగ్గు.

బొగ్గుకి కాళ్ళు నేలమీద ఆగేవా? వాకిట్లో పచ్చికుండలు ఆరబెడితే చాలు, వాటి మధ్య గెంతేది. ఒకనాడు సగం కుండలు తొక్కేసింది.

అప్పుడు అప్పలస్వామి మామిడిపళ్ళ పెట్టె ఒకటి తెచ్చి, దానికి తలుపు బిగించాడు.

"మనం పనిలో ఉన్నంతసేపూ ఇది ఇందులో పడుండాల. మూడు రోజుల్లో అలవాటు చెయ్యి. లేదా, సంతకి తోలుకెళ్ళి ఎవరికో ఇచ్చేస్తాను."

"నా బిడ్డని సంతకి తోలతావా?"

"కుండలన్నీ పగిల్తే నీ బిడ్డే మనకి గంజి పోస్తాదేటి?"

మొదటిరోజు పైడమ్మ బొగ్గుని ఎత్తి పెట్టెలో కూలేసి గడియ పెట్టింది. అది ఏడ్చింది, చెక్క గీకింది. సాయంత్రం తలుపు తీసి చూస్తే గోళ్ళకి నెత్తురు.

రెండోరోజు ఎండుచేప చూపించింది. బొగ్గు ఆశగా లోపలికెళ్ళింది. వెనకాలే టక్కుమని గడియ పడింది. ఆ తర్వాత ఆమె చేత్తో చేప ఇస్తే అది ముట్టలేదు.

మూడోరోజు పెట్టె చూడగానే పరుగు తీసింది, కుండల వరస మీదుగానే. పైడమ్మ వెంటపడింది. తెల్లారితే సంత! ఏం తోచక, చేతికందిన పుల్లతో ఒక్కటిచ్చి, మెడ పట్టుకుని పెట్టెలోకి తోసింది. "నిన్ను ఉంచుకోడానికే కదరా కొట్టాను" అని తనూ ఏడ్చింది.

మర్నాడు అప్పలస్వామి తాడు తీశాడు.

"ఒక్క వారం ఆగు మావా!"

ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు చివరిసారి ఒళ్ళోకి తీసుకుందామని పైడమ్మ చెయ్యి చాచింది. బొగ్గు ఆ చేతిని చూసి వణికింది. వెళ్ళి అప్పలస్వామి కాళ్ళ వెనక నక్కింది. తాడు పట్టుకున్నవాడి వెనక, నాన్నా!

బొగ్గు సంతకి పోయాక వారమంతా ఒక్క కుండా పగల్లేదు. పైడమ్మ పెట్టెకున్న గడియ పీకేసింది. లోపల తన పాత కోక పరిచింది. దాని పక్కనే కూర్చుంది. ఎవరొస్తారు?

ఉండబట్టలేక ఏరు దాటి, సంతలో బొగ్గుని తీసుకెళ్ళిన మేకల కాపరి గురయ్య దొడ్డికి వెళ్ళింది. అక్కడ పక్కకి వాల్చిన ఒక గంప. అందులో హాయిగా బొగ్గు!

"ఎలా తోశావు తాతా?"

"నేను తొయ్యనేదమ్మా. దీనికి తలుపే నేదు. రోజూ అందులోనే అన్నం పెట్టి పక్కన కూకున్నాను. నాలుగో నాటికి దానంతటదే పడుకుంది."

పైడమ్మ గంప ముందు కూర్చుంది. మెల్లిగా, "బొగ్గూ, నా తండ్రీ" అని పిలిచింది.

బొగ్గు తలెత్తింది. గుర్తుపట్టింది. తోక ఒక్కసారి ఆడింది. పైడమ్మ చెయ్యి చాచింది.

అప్పుడు బొగ్గు లేచి, గంప అడుగుదాకా జరిగి, అటు తిరిగి ముడుచుకుంది.

మూడు రోజులూ ఆమె కోరుకుంది అదే కద నాన్నా, దానంతటదే లోపలికి పోవాలని. పోయింది. ఆమె కంటపడకుండా ఉండాలని పోయింది.

కథేమో కంచి దారి పట్టింది,
కన్నేమో నిద్ర దారి పట్టింది.
పెట్టె తలుపు తీసే ఉంది,
పైడమ్మ చెయ్యి చాచే ఉంది.