తోక మీద బరువు

అనగనగా ఒక అడవిలో, మిట్టమధ్యాహ్నం కూడా ఎండ దూరని గుహ ఒకటి ఉండేది. అందులోనే బడి. పంతులమ్మ ఒక ముసలి కొంగ, పేరు ధవళమ్మ. ఆవిడ గుహ వాకిట్లో ఇసుక పరిచి, ముక్కుతో అడుగుజాడలు గీసి చూపించేది. ఇది పులి, ఇది దుప్పి, ఇది వేటగాడి చెప్పు. అడవిలో బతకాలంటే ఆ చదువు రావాలి మరి.

ఆ బడిలో ఒక పద్ధతి ఉండేది. జవాబు చెప్పిన పిల్ల ఒక రాయి ముందుకు జరగాలి. చెప్పలేని పిల్ల ఒక రాయి వెనక్కి జరగాలి. ముందు రాళ్ల మీద వెలుతురు. వెనక రాళ్ల మీద చీకటి, పైనుంచి కారే నీళ్లు. వెనక్కి వెళ్తే ఇసుకలో గీతలు కనిపించవు. గీతలు కనిపించకపోతే జవాబు రాదు. జవాబు రాకపోతే ఇంకా వెనక్కి. ఇంత చిన్న సంగతి ధవళమ్మకు తట్టలేదు. నవ్వకండి పిల్లలూ, పెద్దవాళ్లకు ఇలాంటివే తట్టవు.

కుందేలు పిల్ల తెల్లి ఎప్పుడూ మొదటి రాయి మీదే. సాయంత్రం వాళ్లమ్మ బొరియ ముందు అవే జాడలు మళ్లీ గీయించేది. ఒంటినిండా పెంకులుండే అలుగు పిల్ల పొలుసుకి ఆ వీలు లేదు. వాళ్లమ్మ రాత్రంతా చెదపుట్టలు తవ్వితేనే తిండి. పిల్లను తోక మీద ఎక్కించుకుని అడవంతా తిరిగేది. పొద్దున బడికి వచ్చేసరికి పొలుసు కళ్లు మూతలు పడేవి.

అలా జరిగి జరిగి పొలుసు చివరి రాయికి చేరింది. మొదట దాని నీడ పోయింది. తర్వాత గొంతు పోయింది. పిలిస్తే పలికేది కానీ ఎవరికీ వినిపించేది కాదు. ఆ తర్వాత ధవళమ్మ ఆ పేరు పిలవడమే మరిచిపోయింది. అంతకుముందు ఆ చివర ఎవరు కూర్చునేవారో కూడా ఎవరికీ గుర్తులేదు.

ఒక మధ్యాహ్నం అలుగు తల్లి నిద్ర మానుకుని బడికి వచ్చింది.

"పంతులమ్మగారూ, నా తోక మీద బిడ్డ బరువు రోజురోజుకీ తగ్గిపోతోందండీ. తిండి పెడుతూనే ఉన్నాను. నిన్న వెనక్కి తిరిగి చూస్తే గానీ అది ఉన్నట్టే తెలియలేదు" అంది.

ధవళమ్మ విసుక్కుంది. తల్లికే జాడలు తెలియకపోతే బిడ్డకేం వస్తాయి, ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంది.

"నాకు రాదనే కదండీ మీ దగ్గరికి పంపాను. నా బిడ్డ పేరేమిటో చెప్పండి, వెళ్లిపోతాను" అంది తల్లి.

ధవళమ్మ నోరు తెరిచింది. పేరు రాలేదు. ఎంత తడుముకున్నా రాలేదు.

తల్లిని కసిరి పంపేయవచ్చు. అడిగేవాళ్లు లేరు. కానీ ఆవిడ గుహ లోపలికి నడిచి, చివరి రాయి మీద కూర్చుంది. అక్కడి నుంచి ఇసుక కనిపించలేదు. తన తెల్లటి రెక్కలే తనకు కనిపించలేదు. నెత్తిన చల్లగా చుక్క పడింది. పక్కనే చిన్న ఊపిరి వినిపించింది.

"ఎవరది?" అంది ధవళమ్మ.

"పొలుసునండీ. రోజూ పలుకుతూనే ఉన్నాను."

ఆ మాట అయిపోగానే, దాని వెనక చీకట్లో ఇంకో ఊపిరి వినిపించింది. దాని వెనక మరొకటి. ఎప్పటి పిల్లలో ఏమో! ధవళమ్మకు ఏడుపొచ్చింది. పొలుసును రెక్క కింద పెట్టుకుంది. మిగతా వాళ్ల కోసం ముక్కుతో తడిమింది. తడి రాయి తప్ప ఏమీ తగల్లేదు.

మర్నాటి నుంచి బడి గుహ బయటే. రాళ్లు గుండ్రంగా వేసింది. అలుగు పిల్ల నిద్ర లేచాకే పాఠం. ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లలకు సాయంత్రం తనే మళ్లీ గీసి చూపించేది.

పొలుసు నీడ తిరిగొచ్చింది. గొంతూ వచ్చింది. ఒకసారి తల్లి పుట్ట వైపు వెళ్తుంటే, తోక మీది నుంచి అది "అమ్మా, ఆగు. అది వేటగాడి చెప్పు జాడ" అంది. తల్లి గిరుక్కున వెనక్కి తిరిగింది. ఆ పూట తోక బరువుగా ఉంది. ఆ బరువు మోసుకుంటూ ఆమె క్షేమంగా ఇల్లు చేరింది.

ధవళమ్మ ఇప్పటికీ బడి అయ్యాక గుహ ముందు నిలబడి, పేర్లు గుర్తులేని ఆ పిల్లలను పిలుస్తుంది. "ఉన్నామండీ" అని లోపలి నుంచి వినిపిస్తుంది. బయటికి మాత్రం ఇంతవరకూ ఎవరూ రాలేదు.

నీతి: చదువు రాదని పిల్లను వెనక్కి పంపే ముందు, అది ఏ ఇంటి నుంచి వచ్చిందో అడగాలి, ఏ చీకట్లో కూర్చుందో మనమూ కూర్చుని చూడాలి.