రెండు చేతుల నమస్కారం

వేదగిరయ్య గారికి ఒక అలవాటుండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా ముందు వాళ్ళ చేతుల వంక చూసేవారు. చూసి, ఈమధ్య ఇంట్లో ఏం పని చేస్తున్నావని అడిగేవారు. పరమార్థం తెలుసుకుందామని వచ్చిన మనిషి కల్లాపి గురించో, దూడ మేత గురించో చెప్పుకోవలసి రావడం కొందరికి చిన్నతనంగా తోచేది. అలాంటివాళ్ళు ఏరు దాటి ఇంకో గురువుని వెతుక్కునేవారు. ఈయన ఆపేవారు కాదు. ఆయనకి ఆశ్రమమంటూ ఏమీ లేదు. గోదావరి నడుమ లంకలో, అరటితోటని ఆనుకుని రెండు గదుల పెంకుటిల్లు, దాని ముందు ఓ అరుగు, అంతే.

ఆ ఏడు వేసవిలో మంగతాయారు ఆ అరుగు దగ్గరికొచ్చి ఒక ప్రశ్న అడిగింది. ఆమె లంకకి కోడలిగా వచ్చి నాలుగేళ్ళయింది. భర్త ఏడుకొండలు మనుషుల్నీ సైకిళ్ళనీ అవతలి ఒడ్డుకి దాటించే పంటు నడుపుతాడు. చంకలో తొమ్మిది నెలల కూతురు హైమ ఉంది. మంగతాయారుకి పదేళ్ళప్పుడు, ఆరేళ్ళ తమ్ముడు పుట్టింటి రేవులో ఆమె పక్కనే మునిగి చనిపోయాడు. తను బట్టలు జాడిస్తూ అటు తిరిగానని, ఇటు తిరిగేసరికి పిల్లాడు లేడని ఆమె అందరికీ చెప్పేది. ఏటి మధ్య కాపురం వచ్చింది కానీ ఏటి భయం మాత్రం పోలేదు. కూతురికి నిండుగా ఒక్క చెంబెడు నీళ్ళు పోయలేదు, తడిగుడ్డతో తుడిచి సరిపెట్టేది. టీకాలకి పంటెక్కితే దిగేదాకా పిల్లని ఎంత గట్టిగా అదిమేదంటే, దిగాక పిల్ల డొక్క మీద వేళ్ళ గుర్తులు కనబడేవి.

ఏడుకొండలు తీరు దీనికి పూర్తిగా తలకిందులు. తనని వాళ్ళ నాన్న మూడేళ్ళకే ఏట్లో విసిరేశాడని, తనంతట తనే ఈత కొట్టుకుంటూ ఒడ్డుకొచ్చానని ఘనంగా చెప్పుకునేవాడు. అలా విసిరేసిన వాళ్ళలో రానివాళ్ళ సంగతి చెప్పుకోవడానికి వాళ్ళు మిగల్లేదు కదా. ఈసారి వరద రాకముందే హైమని కూడా నీళ్ళలో ఒకసారి వదిలేస్తాననీ, పిల్ల దానంతటదే నేర్చుకుంటుందనీ తేల్చేశాడు. అది మాటవరసకి అన్నది కాదని మంగతాయారుకి తెలుసు. అందుకే పరుగున గురువుగారి దగ్గరికొచ్చింది.

“ఈ భయం ఎప్పుడు పోతుందండి గురువుగారూ?” అని అడిగింది.

ఆయన ఎప్పటిలాగే చేతుల వంక చూశారు. పిల్ల నడుం చుట్టూ ఆమె వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. పనేమిటని ఈసారి అడగలేదు. ఒక మండలం రోజులు నా దగ్గరికి రావద్దు, బుల్లెమ్మ దగ్గరికి వెళ్ళు అని మాత్రం చెప్పారు. మంగతాయారు మనసు చివుక్కుమంది. మనసులో బాధ చెప్పుకుంటే పిల్లలకి నీళ్ళుపోసే ముసలావిడ దగ్గరికి పొమ్మంటారేమిటి అనుకుంది. కానీ వెళ్ళింది.

బుల్లెమ్మకి డెబ్బై ఏళ్ళుంటాయి. లంకలో నడివయసుకొచ్చినవాళ్ళు కూడా ఒకప్పుడు ఆమె కాళ్ళ మీద బోర్లా పడుకుని ఏడ్చినవాళ్ళే. మొదటి నాలుగు రోజులూ ఆమె హైమని ముట్టుకోనైనా లేదు. మంగతాయారునే పీట మీద కూర్చోబెట్టి నెత్తిన నీళ్ళు పోసింది. నువ్వు ఊపిరి బిగబడితే నీ ఒళ్ళో పిల్లా బిగబడుతుందమ్మాయ్, ముందు నువ్వు నేర్చుకో అంది. ఐదో రోజున పిల్లని తల్లి కాళ్ళ మీద వేయించింది. నుదుటి దగ్గర అరచెయ్యి చూరులా అడ్డం పెట్టి, ముక్కులోకి చుక్క పోకుండా పోయడం చూపించింది. పోసే ముందు ప్రతిసారీ “పోస్తున్నా” అనాలి. మరిచిపోయి పోస్తే ఆ రోజుకి స్నానం అక్కడితో సరి. వారం తిరిగేసరికి ఆ మాట వినగానే హైమ తనే నోరు మూసుకునేది. ఆ తర్వాత గోరువెచ్చని నీళ్ళ గంగాళంలో పిల్లని బొడ్డు లోతున కూర్చోబెట్టారు. నీళ్ళని అరచేత్తో కొట్టి, మొహం మీద పడితే ఉలిక్కిపడి, మళ్ళీ కొట్టి హైమ నవ్వింది. మంగతాయారుకి నవ్వు రాలేదు కానీ వేళ్ళు కొంచెం వదులయ్యాయి.

మూడో వారంలో ఏటికి దిగారు. పొద్దెక్కి నీళ్ళు వేడెక్కాక, ఇసుకమేట వెనక ప్రవాహం తగలని చోట, మోకాలి లోతు దాటకుండా. నిన్నటి నేల ఇవాళ ఉండదని బుల్లెమ్మ రోజూ ముందు తను దిగి, అడుగడుగూ పాదంతో తడిమి చూసేది. పిల్ల పాలు తాగి అప్పుడే వస్తే వెనక్కి పంపేసేది, ముక్కు కారుతున్నా పంపేసేది. పెదాలు నీలం తిరిగేదాకా ఆగకూడదు, వణుకు మొదలవుతుందనగానే బయటికి తీసెయ్యాలి అనేది. తల్లి నీళ్ళలో మోకరిల్లి, ఒక అరచెయ్యి పిల్ల తల కింద, రెండోది నడుం కింద పెట్టి వెల్లకిలా తేలనిచ్చేది. ఎదురుగా బుల్లెమ్మ కూర్చుని, ఆ రెండు చేతులకీ కింద తన చెయ్యి ఉంచేది. ఆమె చూపు పిల్ల మీద కంటే తల్లి కళ్ళ మీదే ఎక్కువ ఉండేది. ఏడుకొండలు ఒకనాడు ఎండు సొరబుర్ర తెచ్చి, పిల్ల వీపుకి కడితే మునగదు కదా అన్నాడు. బుల్లెమ్మ దాన్ని ఇసుకలో పక్కన పెట్టించింది.

“ఇది కడితే పిల్ల తేలుతుంది నాయనా, మీ చూపు ఇంకెక్కడికో పోతుంది” అంది.

అతను ఒప్పుకోలేదు కానీ, సొరబుర్ర చంకన పెట్టుకుని పంటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

అలా జరుగుతుండగా ఒకరోజు వేదగిరయ్య గారు అవతలి ఒడ్డున పనుండి, గొడుగు వేసుకుని మేట మీదుగా పంటు దగ్గరికి బయల్దేరారు. వెనక పెద్ద శిష్యుడు గోవిందు ఉన్నాడు. వాళ్ళ సంప్రదాయంలో గురువు కనబడితే ఎక్కడివాళ్ళక్కడ రెండు చేతులూ జోడించాలి. మాటలు రాని పిల్లలకి కూడా ముందు అదే నేర్పుతారు. మంగతాయారు తలెత్తింది. గురువుగారు కనబడ్డారు. చేతులు వాటంతటవే లేచి జోడయ్యాయి.

హైమ మొహం మీద నీళ్ళు కమ్ముకున్నాయి. బుల్లెమ్మ చెయ్యి కిందే ఉంది కాబట్టి రెప్పపాటులో పిల్ల పైకొచ్చింది. దగ్గింది, ఉక్కిరిబిక్కిరై గుక్కపెట్టి ఏడ్చింది. బుల్లెమ్మ పిల్లని భుజాన వేసుకుని ఊపిరి సరిగా ఆడేదాకా వీపు నిమురుతూ ఉండిపోయింది. మంగతాయారు చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. వాటిని చూసుకుని ఆమెకి తన మీద తనకే అసహ్యం పుట్టింది. ఒడ్డున గురువుగారి చేతిలోంచి గొడుగు జారిపోయింది. ఆయన పంచె తడుస్తున్నా నీళ్ళలోకి నడిచొచ్చి, తప్పు నాది, నేను ఈ దారిన రావలసింది కాదు అని బుల్లెమ్మతో అన్నారు. ఆ రోజు ఆయన ఏరు దాటలేదు.

మంగతాయారు రెండు రోజులు గుమ్మం దాటలేదు. సంగతి ఏడుకొండలు చెవిన పడింది. మీ ఆడవాళ్ళ పద్ధతి చూశాను, ఇక ఆదివారం నా పద్ధతిలో నేను నేర్పుతాను అన్నాడు. మూడోనాడు ఆమె పిల్లని ఎత్తుకుని బుల్లెమ్మ దగ్గరికెళ్ళింది. ముసలావిడ అడగకుండానే మంగతాయారు ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట చెప్పింది. ఆ రోజు రేవులో తను బట్టలు జాడించలేదట. బాజాలు మోగించుకుంటూ పెళ్ళిపడవ ఒకటి వెళుతుంటే, అది కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడిందట. చెప్పి భోరున ఏడ్చింది. బుల్లెమ్మ ఏడవనిచ్చింది. తర్వాత ఏటికి తీసుకెళ్ళి పిల్లని ఆమె చేతుల్లో పెట్టింది.

“నా చెయ్యి కిందే ఉంటుంది. కానీ అది లేదనే అనుకో” అంది.

శనివారం ఏడుకొండలు పంటు కట్టేసి, సొరబుర్ర ఒళ్ళో పెట్టుకుని మేట మీద కూర్చున్నాడు. మర్నాటికి చోటు చూసుకుందామని వచ్చాడు. మండలం పూర్తయిన రోజు కూడా అదే. నీళ్ళలో, బుల్లెమ్మ ఎదుట, మంగతాయారు అరచేతుల మీద హైమ ఆకాశం చూస్తూ కాళ్ళాడిస్తోంది. ఆ సమయానికి గురువుగారు, గోవిందు, ఇంకో నలుగురు శిష్యులు మేట దగ్గరికొచ్చారు. ఆయన నీళ్ళకి దూరంగానే ఆగిపోయారు. గోవిందుకి మాత్రం ఆగబుద్ధి కాలేదు. రెండుసార్లు దగ్గి, అమ్మా మంగతాయారూ, గురువుగారొచ్చారని కేకేశాడు.

“తెలుసండి” అంది ఆమె. తల తిప్పలేదు.

గోవిందు మొహం ఎర్రబడింది. ఏదో అనబోతే గురువుగారు చెయ్యెత్తి వారించారు. గొడుగు ముడిచి ఎండలోనే ఇసుక మీద చతికిలబడ్డారు. శిష్యులకీ కూర్చోక తప్పలేదు. ఏడుకొండలు అందరినీ ఒకసారి చూసి, మళ్ళీ భార్య వైపు చూశాడు. పంటు మీద పిల్లని నలిపేసే చేతులు అవేనా అని అతనికి నిజంగానే ఆశ్చర్యమేసింది. కూతురు ఒక్కసారీ ఏడవకపోవడం కూడా గమనించాడు. ఇంతలో హైమ గడ్డం సన్నగా వణికింది. ఎవరూ చెప్పకముందే మంగతాయారు పిల్లని ఎత్తి గుండెకి ఆనించుకుని, తువ్వాలు చుట్టి ఒడ్డుకొచ్చింది. భర్త ముందు నిలబడింది. అతను సొరబుర్ర పక్కన పడేసి, రెండు చేతులూ చాచి పిల్లని అందుకున్నాడు. అతను సరిగా పట్టుకున్నాడో లేదో చూసుకున్నాకే ఆమె గురువుగారి వైపు తిరిగి నమస్కారం పెట్టింది.

ఆయన లేచి నిలబడ్డారు. అలవాటు ప్రకారం ఆమె చేతుల వంకే చూశారు.

“భయం పోయిందా అమ్మా?”

పోయిందంటే ఆయన సంతోషిస్తారేమో అని మంగతాయారుకి అనిపించింది కానీ అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

“లేదండి” అంది. జోడించిన చేతులు విడదీసి, నీళ్ళలో నాని ముడతలు పడిన అరచేతులు ఆయన ముందు చాపింది. “ఇక్కడికొచ్చిందండి.”

వేదగిరయ్య గారు ఆ అరచేతులని చాలాసేపు చూశారు.

“అక్కడే ఉండనివ్వమ్మా” అన్నారు.